మెట్లెక్కేటప్పుడు మీ పేస్‌మేకర్ ఏం చేస్తోంది?

అందరికీ నమస్కారం. పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన ఇంటివాళ్లు ఇక్కడ కూర్చున్నారు. కాబట్టి నేరుగా మిషన్ సంగతికే వస్తాను.

"మిషన్ పెట్టారు, ఇక ఢోకా లేదన్నారు. మరి నాలుగు మెట్లెక్కితే ఈ ఆయాసమేంటి?" అని చాలామంది అడుగుతారు. వయసైందిలే అని ఇంట్లో సర్దిచెబుతారు. ఆ మాట దగ్గర ఆగిపోకండి. మిషన్ ఫ్యాక్టరీ నుంచి కొన్ని మామూలు అంకెలతో వస్తుంది. గుండె దెబ్బలు నిమిషానికి కనీసం 60, పై హద్దు 120 లేదా 130, దాదాపు అలా ఉంటాయి. తెల్లారుజామున పాలు పిండి, మామిడితోటంతా తిరిగే మనిషికీ మంచం దిగని మనిషికీ ఒకే అంకెలు ఎలా సరిపోతాయి? వాటిని ఎవరికి వారికి సరిచెయ్యాలి.

ముందు మిషన్ నుంచి గుండెలోకి వెళ్లే తీగల మాట. తీగ కొన గుండె కండకు గట్టిగా అతుక్కోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా ఆ వైపు మోచేయి భుజం కంటే పైకి లేవకూడదు. దోటి పట్టి కాయలు కోయడం, పాల క్యాన్ ఎత్తడం వద్దు. అలాగని చెయ్యి కదపకుండా ఒంటికి అదిమిపెట్టుకుంటే భుజం బిగుసుకుపోతుంది. భుజం ఎత్తు దాకా రోజూ ఆడించాలి. మళ్లీ కళ్లు తిరిగినా, ఆగకుండా ఎక్కిళ్లు వచ్చినా తీగ కదిలిందేమో చూపించాలి, అదీ ఆ రోజే. కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము పట్టినా ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సూదితో తీయించుకోవద్దు. మిషన్ పెట్టిన చోటికే వెళ్లండి.

మొదట్లో తీగ కొన దగ్గర వాపు ఉంటుంది కాబట్టి 3.5 వోల్టుల దాకా ఇస్తారు. మూడు నెలలకు వాపు తగ్గుతుంది. అప్పుడు 0.75 వోల్టుకే గుండె పలుకుతోందనుకోండి, భద్రత కోసం రెట్టింపు చేసి 1.5 పెడితే చాలు. వోల్టు సగమైతే ఒక్కో దెబ్బకు ఖర్చయ్యే శక్తి నాలుగో వంతుకు దిగుతుంది. మూడో నెల చెకప్ మానేస్తే బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది. ఆ పరీక్షలో వోల్టు మెల్లగా తగ్గిస్తూ పోతారు. ఒకటి రెండు దెబ్బలు తప్పి క్షణం పాటు తల తేలిపోయినట్టుంటుంది. భయపడకండి.

ఇక మెట్లు. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లున్నాయి. డాక్టరు ఒప్పుకోకుండా వాటి జోలికి పోవద్దు. మీ మేడ మెట్ల మీద కూడా ఇప్పుడు చెప్పబోయే లెక్కే నడుస్తుంది.

గుండె తనంతట తాను వేగం పెంచుకోలేని వాళ్లకు మిషన్‌లోని సెన్సర్ ఆ పని చేస్తుంది. చాలా మిషన్లలో అది ఒంటి కుదుపును కొలుస్తుంది. శ్రమను కొలవలేదు. ఎక్కేటప్పుడు మెల్లగా, కుదుపు లేకుండా అడుగేస్తాం. దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ ఒళ్లు అదురుతుంది. అందుకే వేగం కావలసిన ఎక్కుడులో చాలకుండా, అక్కర్లేని దిగుడులో ఎక్కువవుతుంది. గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చున్నా గుండె దడదడలాడేది ఇందుకే. సెన్సర్ చురుకుదనం మార్చి, ఆసుపత్రి వరండాలోనే నడిపించి, మెట్లెక్కించి చూడమని అడగండి. కుర్చీలో కూర్చోబెట్టి చేసే సెట్టింగ్ కుర్చీకే సరిపోతుంది.

రెండో రకం వేరు. గుండెలో పై గది బాగానే కొట్టుకుంటుంది, ఆ కబురు కింది గదికి అందదు. మిషన్ పై గది దెబ్బను గమనించి, ఉదాహరణకు 150 మిల్లీసెకన్లు ఆగి కింది గదిని కొట్టిస్తుంది. ఆ దెబ్బ పైకి తిరిగొస్తే కొత్త దెబ్బ అని మోసపోకుండా తర్వాత 300 మిల్లీసెకన్లు పై గది మాట పట్టించుకోదు. మొత్తం 450. నిమిషానికి 60,000 మిల్లీసెకన్లు కదా, భాగిస్తే 133. పై గది ఆ వేగం దాటిందంటే దెబ్బ విడిచి దెబ్బ మిషన్ లెక్కలోకి రాదు. పై గది 134 కొట్టుకుంటున్నా నాడి ఉన్నట్టుండి 67కు పడిపోతుంది. కరెంటు పోయినట్టు కాళ్లలో సత్తువ పోతుంది. ఇక్కడ సెన్సర్‌ను ఎంత పెంచినా లాభం లేదు. ఆ 150, 300 తగ్గించి, పై హద్దు పెంచాలి.

ఈ రెండింటిలో మీది ఏదో తేల్చేది మీ నాడే. ఎక్కుతున్నా నాడి పెరగకపోతే మొదటిది, పెరిగి ఒక్కసారిగా సగానికి పడితే రెండోది. ఆయాసం వచ్చిన మెట్టు మీదే ఆగి, మణికట్టు దగ్గర 30 సెకన్లు లెక్కబెట్టి రెట్టింపు చెయ్యండి.

సెల్‌ఫోన్ మిషన్‌కు 15 సెంటీమీటర్ల దూరంలో, ఇండక్షన్ పొయ్యి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చాలు. తనిఖీ గేట్లలో మీ పేస్‌మేకర్ కార్డు చూపించి ఆగకుండా నడిచిపోండి. చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఆనించి ఉంచనివ్వకండి. ఎమ్మారై రాస్తే ముందు మిషన్ సంగతి చెప్పండి. ఒక కంపెనీ మిషన్‌ను ఇంకో కంపెనీ ప్రోగ్రామర్, అంటే సెట్టింగ్‌లు చూసి మార్చే పరికరం, చదవలేదు కాబట్టి ఆ కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.

కార్డుతో పాటు ఒక కాగితం కూడా పెట్టుకోండి. ఎన్నో మెట్టు మీద ఆయాసం వచ్చింది, మెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా వచ్చిందా, అప్పుడు నాడి ఎంత, ఇవి రాసుకోండి. చెకప్ రోజున టెక్నీషియన్ మీ ఛాతీ మీద పరికరం ఆనించకముందే ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి.