సబ్బు కాగు అడుగున బంగారం

నమస్తే అండీ. కాలిఫోర్నియా గోల్డ్ రష్, అంటే బంగారం కోసం జనం ఎగబడిన ఆ రోజులు అనగానే అందరూ చెప్పే పేరు జేమ్స్ మార్షల్. 1848 జనవరి 24న కొలోమా అనే చోట, కట్టిస్తున్న మిల్లు కాలువలో మెరుస్తున్న ముక్కని చూసి వంగి తీసుకుంది ఆయనే. కానీ ఆ ముక్క బంగారమా, కాకి బంగారమా అని ఆయనకే తెలియలేదు. ఆ సంగతి తేల్చగల మనిషి అక్కడే పనివాళ్ళకి వంట చేసిపెడుతోంది. ఆమె జెన్నీ విమర్. ఇవాళ ఆమె గురించి, భర్త పీటర్ గురించి, వాళ్ళ ఇంటినిండా ఉన్న పిల్లల గురించి చెబుతాను.

పీటర్ మొదటి భార్య ఐదుగురు పిల్లల్ని వదిలి చనిపోయింది. జెన్నీ ఇద్దరు పిల్లలతో భర్తను పోగొట్టుకుంది. మిస్సోరీలో ఉండగా ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. 1846లో ఆ ఏడుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని బండ్ల మీద పడమటికి బయల్దేరారు. నెలల తరబడి ఎడారులు, కొండలు. అదే దారిలో కాస్త వెనకగా వచ్చిన డానర్ బృందం అనే వలసదారుల గుంపు సియెర్రా నెవాడా కొండల మంచులో చిక్కుకుంది, అందులో దాదాపు సగం మంది ప్రాణాలు పోయాయి. విమర్ల బండ్లు మంచు పడకముందే కొండ దాటేశాయి. ఏడుగురు పిల్లల తల్లి ఆ వార్త విని ఎలా ఉండి ఉంటుందో నాకు ఊహకందదు.

1847లో జాన్ సట్టర్ అనే భూస్వామి కొలోమాలో ఒక సా మిల్లు, అంటే దుంగలు కోసే మిల్లు కట్టించడం మొదలుపెట్టాడు. అది నిసెనాన్ అనే ఆదివాసీల నేల. కొలోమా అన్న పేరు కూడా వాళ్ళ భాషలోదే. మిల్లు పనికి పెద్ద మార్షల్, ఆయన కింద పీటర్. జెన్నీ పనివాళ్ళందరికీ వండి పెట్టేది, బట్టలు ఉతికేది. పిలవగానే తిండికి రాకపోతే వడ్డించనని పట్టుబట్టేదట. ఆ కోపంతో కొందరు వేరే గుడిసె కట్టుకుని సొంతంగా వండుకున్నారు. ఏడుగురు పిల్లల్ని సాకుతూ ఇంతమందికి వండేవాళ్ళకి ఆ మాత్రం పట్టుదల ఉండొద్దా?

జెన్నీకి బంగారం కొత్త కాదు. పెళ్ళికి ముందు ఆమె కుటుంబం జార్జియాలో, డలోనెగా బంగారు గనుల దగ్గర ఉండేది. ఏటి ఇసుకని పళ్ళెంలో జాలించి బంగారం తీయడం అక్కడే నేర్చుకుంది. మార్షల్ ముక్కని చూసి అందరూ తలో మాట అంటుంటే, తను మాత్రం దాన్ని సబ్బు కాగులో వేసింది. బూడిద నీళ్ళ క్షారంలో కొవ్వు వేసి సబ్బు వండుతోంది ఆ రోజు. బంగారం కాకపోతే ఆ క్షారానికి రంగు మారొచ్చు, బంగారానికి మాత్రం ఏమీ కాదు. మర్నాడు సబ్బు ముక్కలు కోసి తీస్తే, కాగు అడుగున ఆ ముక్క మెరుస్తూనే ఉంది. ఇదంతా 1874లో ఒక పత్రికకి ఆమే చెప్పింది. గీటురాయి లేని చోట వంటింటి కాగే గీటురాయి అయింది.

మార్షల్ సట్టర్ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ నైట్రిక్ యాసిడ్‌తో పరీక్ష చేసి, బంగారమే అని తేల్చుకున్నారు. మిల్లు పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు సట్టర్.

పిల్లలున్న ఇంట్లో గుట్టు నిలుస్తుందా! సట్టర్ కోట నుంచి సరుకుల బండి తోలుకొచ్చిన మనిషికి విమర్ల పిల్లాడు బంగారం దొరికిందని చెప్పేశాడు. అతను నమ్మలేదు, వెక్కిరించాడు. తన బిడ్డని అబద్ధాలకోరు అంటే ఏ తల్లి ఊరుకుంటుంది? జెన్నీ బంగారం తెచ్చి చూపించింది. అందులో కొంచెం అతని చేతికొచ్చింది. దాంతో అతను కోట దగ్గరి కొట్లో బ్రాందీ కొనబోయాడు. అంతే, గుట్టు బయటపడింది. మే నెలలో శామ్ బ్రానన్ అనే వ్యాపారి శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో బంగారం, బంగారం అని కేకలు వేశాడు. డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు పోక్ స్వయంగా నిజమేనన్నాడు. తర్వాతి కొన్నేళ్ళలో సుమారు మూడు లక్షల మంది కాలిఫోర్నియాకి వచ్చారు.

వచ్చినవాళ్ళు నిసెనాన్‌ల నేలని, నదిని ఆక్రమించారు. హత్యలు, రోగాలు, ఆకలి. 1848లో కాలిఫోర్నియాలో సుమారు లక్షన్నర ఉన్న ఆదివాసీల జనాభా 1870 నాటికి ముప్పై వేలకి పడిపోయిందని అంచనా. గోల్డ్ రష్ కథ ఎవరు చెప్పినా ఈ లెక్క చెప్పకుండా ముగించకూడదని నా పట్టుదల.

సట్టర్ ఆస్తంతా చేజారింది. మార్షల్ 1885లో పేదరికంలోనే చనిపోయాడు. కొలోమాలో ఆయనకి విగ్రహం ఉంది, చెయ్యి చాపి ఆ కాలువ వైపు చూపిస్తూ ఉంటుంది. విమర్లకి ఇంకా పిల్లలు పుట్టారు, కానీ వాళ్ళకి సంపద మాత్రం దక్కలేదు. మార్షల్ ఇచ్చిన ఆ ముక్కని జెన్నీ ఏళ్ళ తరబడి దాచుకుంది. అది ఇప్పుడు బర్క్‌లీలో బాన్‌క్రాఫ్ట్ లైబ్రరీలో ఉంది. మొదట దొరికింది అదా, స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న పల్చటి రేకా అన్న వాదన ఉంది. బర్క్‌లీలో ఉన్నదాన్ని మాత్రం అందరూ విమర్ నగెట్, అంటే విమర్ బంగారు ముక్క అనే పిలుస్తారు.