కాస్త బ్యాగ్ చూస్తుంటారా? వృద్ధాశ్రమంలో ఒంటరితనం అంటే ఏంటి

[రైలు అనౌన్స్‌మెంట్ శబ్దం. మెల్లగా తగ్గుతుంది.]

"అమ్మకేం బెంగ లేదండీ, అక్కడ అరవై మంది ఉన్నారు. కబుర్లే కబుర్లు." తల్లిని వృద్ధాశ్రమంలో చేర్చినవాళ్ల నోట ఈ మాట ఈ నెలలో నాకు మూడోసారి వినబడింది. మూడుసార్లూ తల ఊపి ఊరుకున్నా. ఇక నావల్ల కాక ఈ వీడియో.

సికింద్రాబాద్ స్టేషన్, సంక్రాంతికి రెండు రోజుల ముందు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే సందు లేదు. మీకు దాహం వేసింది. దగ్గర రెండు పెద్ద బ్యాగులున్నాయి. నీళ్లబాటిల్ కొట్టు అల్లంత దూరంలో ఉంది. ఇప్పుడు చుట్టూ చూస్తారు. "అండీ, కాస్త బ్యాగ్ చూస్తుంటారా? ఇప్పుడే వస్తా" అని ఎవర్ని అడుగుతారు? అలా అడగగలిగిన మనిషి ఒక్కరు కనిపిస్తే చాలు, దాహం తీరుతుంది. కనిపించకపోతే అంత జనంలోనూ మీరు ఒక్కరే, గొంతెండుతూ కూర్చోవాలి.

వృద్ధాశ్రమం కూడా ప్లాట్‌ఫారం లాంటిదే. జనానికేం కొదవ లేదు. వరండాలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలుంటాయి, అన్నీ టీవీ వైపే తిరిగి. (ఈ వరస కుర్చీలంటే నాకు ఒళ్లు మంట. భుజాలు తగులుతాయి, ముఖాలు కనబడవు. పెళ్లిలో కూడా కుర్చీ ఇటు తిప్పుకునే కదా మాట్లాడతాం!)

రాబర్ట్ వైస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఒంటరితనం రెండు రకాలని విడదీశాడు. నలుగురు లేకపోవడం ఒకటి, మనసుకు దగ్గరైన ఒక్కరు లేకపోవడం ఇంకొకటి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది తీరదు. యాభై ఏళ్లు కాపురం చేసిన భర్త పోయాక ఒక పెద్దావిడని అరవై మంది మధ్య కూర్చోబెట్టడం అంటే, కూరలో ఉప్పు చాలకపోతే కారం వేసినట్టే.

మళ్లీ మన బ్యాగ్ దగ్గరికి వద్దాం. అడిగినవాళ్ల సంగతి సరే, బ్యాగ్ చూసినవాళ్ల సంగతి ఏంటి? ఎప్పుడైనా గమనించారా, మనల్ని ఎవరైనా అలా అడిగితే వెంటనే నిటారుగా కూర్చుంటాం. ఆ బ్యాగ్ మీద కన్నేసి ఉంచుతాం. వాళ్లు తిరిగొచ్చాక "ఏ ఊరండీ?" అని మాట కలుస్తుంది. ఆశ్రమంలో పెద్దవాళ్లని బ్యాగ్ చూడమని అడిగేవాళ్లే ఉండరు. పక్క దుప్పటి ఆయా మారుస్తుంది, కూర వంటమనిషి తరుగుతుంది, మొక్కలకి వాచ్‌మన్ నీళ్లు పోస్తాడు. అన్నీ జరిగిపోతుంటాయి, వీళ్లు మాత్రం చూస్తూ కూర్చోవాలి.

1976లో అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో (అక్కడ అంటే ఆసుపత్రి కాదు, పెద్దవాళ్లని ఉంచి చూసుకునే చోటు) ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక అంతస్తులో వాళ్లకి తలా ఒక మొక్క ఇచ్చి, "నచ్చింది తీసుకోండి, నీళ్లు మీరే పోసుకోవాలి, సినిమా ఏ రోజు చూస్తారో మీ ఇష్టం" అన్నారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, కానీ నీళ్లు నర్సులు పోస్తారు, సినిమా ఎప్పుడో వాళ్లే చెబుతారు. మూడు వారాల్లోనే మొదటి అంతస్తువాళ్లు చురుగ్గా తయారయ్యారు, పక్కవాళ్లతో, సిబ్బందితో ఎక్కువ మాట్లాడారు. చిన్న ప్రయోగమే, ఇందులోంచి పెద్ద పెద్ద లెక్కలు తీయొద్దు. కానీ మొక్క కూడా ఒక బ్యాగే కదా. చూసుకోమని ఒకరు అప్పజెప్పారు.

అదే ఏడాది రిచర్డ్ షుల్జ్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం నన్ను ఇంకా వెంటాడుతుంది. కాలేజీ పిల్లలు ఆశ్రమంలో పెద్దవాళ్లని కలవడానికి వెళ్లేవారు. కొందరి దగ్గరికి ముందే చెప్పి, కొందరి దగ్గరికి వాళ్లు రమ్మన్నప్పుడు, కొందరి దగ్గరికి చెప్పాపెట్టకుండా. మొదటి రెండు రకాలవాళ్లు బాగా కోలుకున్నారు. చెప్పాపెట్టకుండా వచ్చినవాళ్లతో పెద్దగా లాభం లేదు. ఎవరూ వెళ్లనివాళ్లకీ వీళ్లకీ తేడా కనబడలేదు. అసలు సంగతి తర్వాత బయటపడింది. ప్రయోగం అయిపోయింది, పిల్లలు రావడం మానేశారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే, ఎవరు బాగా కోలుకున్నారో వాళ్లే దిగజారిపోయారు.

ఇప్పుడు మన పుట్టినరోజు అన్నదానాల గురించి ఆలోచించండి. కేకు, యాపిల్ పళ్లు, గ్రూప్ ఫొటో, "మళ్లీ వస్తాం తాతగారూ". నేనూ చేశాను, ఒకసారి కాదు, రెండుసార్లు. మళ్లీ వెళ్లలేదు. భోజనం పెట్టడం తప్పని అనడం లేదు. "మళ్లీ వస్తాం" అన్న మాట అనకుండా ఉండాల్సింది. అంటే బ్యాగ్ అప్పజెప్పి రైలెక్కి వెళ్లిపోయాను. ఆయన దాన్ని చూస్తూనే ఉండి ఉంటారు.

[పక్కకి చూస్తూ] ఎంత? నాలుగు నిమిషాలే ఉందా? సరే, గబగబా చెప్పేస్తా.

అందరికీ పెద్ద గుంపు అక్కర్లేదు. వయసు పెరిగేకొద్దీ మనుషులు పరిచయాలు తగ్గించుకుని దగ్గరివాళ్లనే అట్టిపెట్టుకుంటారని అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్సన్ చెబుతారు. కాబట్టి భజనకి రాని ఆవిడ ముభావి అని రాసేయకండి. పెద్దవాళ్లంటే భజనే అని ఎవరు చెప్పారో గానీ! పేకాట ఆడదామన్నా, క్రికెట్ చూద్దామన్నా వచ్చే మనిషేమో.

నెదర్లాండ్స్‌లో డెవెంటర్ అనే ఊళ్లో ఒక ఆశ్రమం విద్యార్థులకి అద్దె లేకుండా గది ఇస్తుంది. బదులుగా వాళ్లు నెలకి 30 గంటలు మంచి ఇరుగుపొరుగుగా ఉండాలి. సేవ చేయడం అని కాదు, ఇరుగుపొరుగు! మన దగ్గర తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మంది నిరుపేద వృద్ధులకి చోటు అంటుంది. మంచాల లెక్క ఉంది, బాగుంది. ఏ మంచం పక్కన ఎవరి మంచం అని వాళ్లనే అడిగే వార్డెన్ దొరికితే ఇంకా బాగుంటుంది. ఒకే జిల్లా యాస, ఒకే పంటల కబుర్లు ఉన్న ఇద్దరు పక్కపక్కన పడితే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

చివరిది, చెవులు. వయసుతో ముందు సన్నటి శబ్దాలు పోతాయి. "సా", "తా" తేడా తెలియదు. గట్టిగా అరిచినా స్పష్టంగా వినబడదు. భోజనాల హాల్లో గిన్నెల చప్పుడులో ఏమీ అర్థంకాక నవ్వి ఊరుకుంటారు, తర్వాత గదికే ప్లేటు తెప్పించుకుంటారు. బయటివాళ్లకి అది పొగరులా కనబడుతుంది.

దీని మీద వేరే వీడియో చేస్తా. మీ ఇంట్లో చెవి మిషన్ కొనిచ్చినా పెట్టుకోనివాళ్లు ఉంటే, ఎందుకు పెట్టుకోరో వాళ్లనే అడిగి కామెంట్లలో రాయండి.