అంటాల్యా మేరీ, ఇస్తాంబుల్ నిఖత్

శ్రోతలకు నమస్కారం.

మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్, మణిపూర్ బిడ్డ మేరీ కోమ్ ఇద్దరూ మంచి ఊపులో ఉన్న వయసులో ఒకే బాక్సింగ్ రింగులో ఎదురుపడి ఉంటే ఎవరు గెలిచేవారు? హనుమకొండ స్టేడియంలో పొద్దున వాకింగ్ చేసి చాయ్ తాగేవాళ్ల మధ్య ఈ మాట లేచిందంటే ఇక తెగదు. "నిఖత్ చెయ్యి పొడుగు సార్, దగ్గరికి రానియ్యది" అని ఒకరు. "ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ ఊకెనే అయితరా అన్నా?" అని ఇంకొకరు. ఆఖరుకు ఎవరో 2019 సంగతి తీస్తారు.

ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీలో ఇద్దరూ నిజంగానే తలపడ్డారు. ఒలింపిక్ క్వాలిఫయర్‌కు ఎవరు వెళ్లాలో తేల్చే ట్రయల్స్ అవి. పేరు చూసి కాదు, పోటీ పెట్టి పంపండని నిఖత్ కేంద్ర క్రీడా మంత్రికి లేఖ రాసింది. ట్రయల్స్‌లో మేరీ 9-1తో గెలిచింది. దాన్ని నేను జవాబుగా ఒప్పుకోను. అప్పటికి మేరీకి ముప్పై ఆరు దాటాయి, కాళ్లలో పాత ఉరుకు లేదు. నిఖత్‌కు 23 ఏళ్లు. 2017లో భుజం జారి, ఆపరేషన్ అయ్యి, ఏడాదిపాటు రింగుకు దూరమై తిరిగొచ్చింది. సీనియర్ ప్రపంచ పతకం ఇంకా చేతికి రాలేదు. ఆ బౌట్‌లో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోవడం, రెఫరీ విడదీయడం, అంతే ఎక్కువ కనిపించింది.

అందుకే నేను వేరే ఇద్దరిని రింగులోకి దింపుతాను. ఒకరు 2002లో టర్కీలోని అంటాల్యాలో తొలి ప్రపంచ స్వర్ణం గెలిచిన మేరీ, వయసు 19. ఇంకొకరు 2022 మే 19న అదే టర్కీలో, ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్, 26కు నెల తక్కువ. అన్నట్టు నిఖత్ జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచింది కూడా అంటాల్యాలోనే, 2011లో, పదిహేనేళ్లు కూడా నిండకముందే.

ఇద్దరూ ముందు పరుగు పందేల పిల్లలే. మేరీ చురాచాంద్‌పూర్ జిల్లాలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టింది. 1998 ఆసియా క్రీడల్లో మణిపూర్ బాక్సర్ డింకో సింగ్ స్వర్ణం గెలవడం చూసి గ్లవ్స్ తొడిగింది. ఇంట్లో చెప్పలేదు. పత్రికలో ఫొటో వచ్చాకే తండ్రికి తెలిసింది. నిఖత్‌కు మాత్రం తండ్రే తోడు. నిజామాబాద్ కలెక్టరేట్ గ్రౌండ్‌లో అన్ని ఆటల్లో ఆడపిల్లలు కనిపించి, బాక్సింగ్‌లో ఒక్కరూ కనిపించకపోతే, ఎందుకు లేరని నాన్నను అడిగింది. కోచ్ శంసముద్దీన్ దగ్గర చేరింది. ఆడపిల్లలు లేరు కాబట్టి మగపిల్లలతోనే ప్రాక్టీస్. వాళ్ల దెబ్బలు కాచుకుంటూ ఎదిగిన అమ్మాయి ఎదుటివాళ్ల పంచ్‌కు అంత తొందరగా బెదరదు.

ఇక బరువు. ఇది తేల్చకుండా వాదించడం దండగ. 2002లో మేరీ గెలిచింది 45 కిలోల విభాగంలో, నిఖత్ ఇస్తాంబుల్‌లో గెలిచింది 52లో. ఏడు కిలోల తేడా బాక్సింగ్‌లో చిన్న విషయం కాదు. నేను 50 దగ్గర పెడతాను. 2001లో 48 కిలోల్లో ప్రపంచ రజతం గెలిచింది కాబట్టి మేరీకి అది మరీ కొత్త కాదు. నిఖత్ కూడా బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం 50లోనే గెలిచింది. ఆ 50 కోసం పారిస్ ఒలింపిక్స్‌లో రెండు రోజులు తిండి మానేశానని ఓడిన రోజు ఆమె చెప్పుకున్న మాట వింటే కడుపు తరుక్కుపోతుంది. బరువు ఇంకా దింపడం న్యాయం కాదు.

గంట మోగింది. నిఖత్ ఎడమచెయ్యి చాచి జాబ్, అంటే నేరుగా పొడిచే పంచ్, వేస్తూ రింగు మధ్యను పట్టుకుంటుంది. మేరీ ఆ చేతికి అందీ అందనంత దూరంలో కాళ్ల మీద ఆడుతూ ఉంటుంది. జాబ్ వచ్చి వెనక్కి మళ్లే ఆ క్షణమే ఆమెకు కావాలి. తల పక్కకు వంచి లోపలికి దూరి, మూడు నాలుగు పంచ్‌లు గబగబా కురిపించి, కూతకు వెళ్లిన కబడ్డీ ఆటగాడిలా గీత దాటి బయటికి వచ్చేస్తుంది. నిఖత్ కుడిచెయ్యి లేచేసరికి అక్కడ మనిషి ఉండదు. మొదటి రౌండ్ అంతా ఈ దూరం కోసమే కొట్లాట. ఒక్క అడుగు ముందుకైతే మేరీది, ఒక్క అడుగు వెనక్కైతే నిఖత్‌ది.

మేరీ కుర్రతనంలో లెక్క వేరు. జడ్జిల ముందు బటన్లు ఉండేవి. ఐదుగురిలో ముగ్గురు సెకను లోపల ఒకే బాక్సర్‌కు నొక్కితేనే పాయింట్. దూరి, కొట్టి, తప్పించుకునే మేరీ ఆటకు అది సరిగ్గా సరిపోయేది. 2013 నుంచి రౌండ్‌కు పది మార్కుల పద్ధతి వచ్చింది. రౌండ్ మొత్తంలో ఎవరిది పైచెయ్యో జడ్జి చూస్తాడు. రింగు మధ్యలో నిలబడి ఆట నడిపేవాళ్లకు ఇది కలిసొస్తుంది.

ఇప్పటి నిబంధనల్లో, మూడేసి నిమిషాల మూడు రౌండ్లు పెడితే నా ఓటు నిఖత్‌కే. దానికి కారణం ఇస్తాంబుల్ ఫైనల్. థాయ్‌లాండ్ బాక్సర్ జుటామస్‌పై మొదటి రౌండ్ గెలిచి, రెండోది చేజార్చుకుని, టెన్షన్ పడకుండా మూడో రౌండ్‌లో నేరుగా పంచ్‌లు వేసి ఐదుగురు జడ్జిలనూ తనవైపు తిప్పుకుంది. మేరీ విషయంలో నాకు గుర్తొచ్చేది లండన్ ఒలింపిక్స్. 2012లో 51 కిలోలకు ఎక్కి, తనకన్నా పొడగరి నికోలా ఆడమ్స్‌తో సెమీఫైనల్‌లో 11-6తో ఓడింది. పొడుగు చేతులు ఆమెను లోపలికి రానివ్వలేదు. నిజమే, అప్పటికి మేరీ పిల్లల తల్లి. పంతొమ్మిదేళ్ల మేరీ ఇంకా వడిగా దూరేది. అందుకే రెండో రౌండ్ ఆమెకే రాస్తాను. మూడోది మాత్రం నిఖత్‌ది. జడ్జిల తీర్పు 3-2.

అదే బౌట్‌ను పాత బటన్ల లెక్కలో పెడితే, ఒకటి రెండు పాయింట్ల తేడాతో మేరీ గెలుస్తుంది. మన బిడ్డ అయినా సరే, అక్కడ నిఖత్‌కు రాయలేను.

సెలవు.