టిఫా రిపోర్టు బిడ్డ వెంటే ఉండాలి

ఆశా కార్యకర్తలకూ, ఏఎన్‌ఎంలకూ, తల్లిదండ్రులకూ నమస్కారం.

కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కానింగులో బిడ్డ కిడ్నీకి నీరు పట్టిందని రాస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆ నీరు బిడ్డ మూత్రమేనమ్మా. కిడ్నీలో తయారైన మూత్రం కిందికి దిగేముందు ఒక చిన్న సంచిలో చేరుతుంది. స్కాన్ చేసే మేము కొలిచేది ఆ సంచి వెడల్పునే. గర్భం 28 వారాలలోపు 4 మిల్లీమీటర్లు, ఆ తర్వాత 7 మిల్లీమీటర్లు, లేదా అంతకుమించి ఉంటే కాన్పయ్యాక మళ్లీ చూడాలి. చాలామంది పిల్లల్లో అదే తగ్గిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, డిశ్చార్జికి ముందే ఒక స్కాన్ తీయించేసి, బాగుందనగానే ఆ సంగతి మరిచిపోతారు. పుట్టిన మొదటి రెండు రోజులు బిడ్డకు మూత్రం తక్కువ. సంచి నిండదు కాబట్టి, దారిలో అడ్డంకి ఉన్నా స్కాన్‌లో అంతా బాగున్నట్టే కనబడవచ్చు. అందుకే 48 గంటలు దాటాక చూడాలి. అప్పుడు బాగున్నా 4 నుంచి 6 వారాలకు ఇంకోసారి చూడాలి. ఆ రెండో స్కాన్ మానొద్దని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. కొందరు మగపిల్లలకు మూత్రం దారిలో పుట్టుకతోనే పొర అడ్డముంటుంది. ధార రాదు, చుక్కలు చుక్కలుగా పడుతుంది. రెండు కిడ్నీలూ ఉబ్బుతాయి, మూత్రాశయం గోడ మందమవుతుంది. స్కాన్‌లో మూత్రాశయం, దాని కింద ఉబ్బిన దారి కలిసి తాళంచెవి రంధ్రంలా కనబడతాయి. అలాంటి అనుమానముంటే పుట్టిన రోజే చూడాలి.

స్కాన్‌కు మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు. పాలు పట్టి తీసుకురండి చాలు. చల్లటి జెల్ తగలగానే పసిబిడ్డ మూత్రం పోసేస్తుంది. అందుకని జెల్ సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, డైపర్ కొంచెం కిందికి జరిపి, ముందు మూత్రాశయమే చూస్తాం. ఉబ్బిన మూత్రనాళాలు దాని వెనకే కనబడతాయి; అది ఖాళీ అయితే వాటిని పట్టుకోవడం కష్టం. పసికందు కిడ్నీలో కొన్ని భాగాలు స్కాన్‌లో సహజంగానే నల్లగా కనబడతాయి. అలవాటు లేని కన్ను వాటినే నీరనుకుంటుంది. వీలైతే పిల్లల స్కాన్లు రోజూ చేసేవారి దగ్గరికే పంపండి.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. టిఫా అత్తగారి ఊళ్లో, కాన్పు పుట్టింట్లో. రిపోర్టేమో బీరువాలో ఉండిపోతుంది. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) చూసేటప్పుడే ఆ కాగితం కూడా అడగండి.

స్కాన్ బాగున్నా, మూత్రం వెనక్కి కిడ్నీలోకి ఎక్కడం లేదని ఖాయంగా చెప్పలేం. అది తేల్చేది ఎంసీయూ పరీక్ష, అంటే మూత్రాశయంలోకి సన్నని గొట్టంతో మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. అది అందరికీ అవసరం రాదు. కానీ ఈ పిల్లలకు దగ్గు, జలుబు లేకుండా జ్వరమొస్తే సిరప్ పోసి ఊరుకోవద్దు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్ర పరీక్ష చేయించండి.