గంజాయి కేసుకీ హెల్మెట్ చలాన్‌కీ ఏంటి సంబంధం?

పోయిన వీడియోలో ఒక్క మాటన్నాను: డ్రగ్స్ వాడేవాళ్లని జైలుకి పంపడం ఆపాలి అని. ఇక కామెంట్లు చూడండి! "అంటే కిరాణా కొట్లో అమ్మమంటావా అన్నా?" అన్నా, నేను ఆ మాట అనలేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. అందుకే ఈ వీడియో.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర హెల్మెట్ లేకుండా దొరికారనుకోండి. కెమెరా ఫొటో తీస్తుంది, ఫోన్‌కి చలాన్ వస్తుంది. చేసింది తప్పే, దానికి డబ్బు కట్టాలి. కానీ దానికోసం ఎవరూ మిమ్మల్ని చంచల్‌గూడ జైలుకి తీసుకెళ్లరు. డీక్రిమినలైజేషన్ అంటే ఇంతే, చలాన్. లీగలైజేషన్ అంటే వైన్ షాపు: లైసెన్సు, బోర్డు, సర్కారుకి పన్ను. చలాన్‌కీ వైన్ షాపుకీ ఎంత దూరముందో మీరే చెప్పండి.

పోర్చుగల్ 2001లో చలాన్ దారి పట్టింది. పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికితే కోర్టుకి కాకుండా ఒక కమిషన్ ముందుకి పంపుతారు. అందులో చట్టం, వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్లుంటారు. నీకు ఇది అలవాటా, వ్యసనమా అని అడుగుతారు, అవసరమైతే చికిత్సకి పంపుతారు. అమ్మేవాడికి మాత్రం అక్కడా జైలే. ఈ ముక్క కామెంట్లలో ఎవరూ చెప్పరు!

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం కూడా 2021లో ఇదే మొదలుపెట్టింది. దొరికితే 100 డాలర్ల చలాన్. ఒక నంబరుకి ఫోన్ చేసి ఆరోగ్య పరీక్షకి ఒప్పుకుంటే అదీ మాఫీ. చాలామంది ఫోనూ చేయలేదు, డబ్బూ కట్టలేదు. అచ్చం మనమే! 2022లో బైకులకి పాతిక శాతం కడితే చాలన్నాక కదా మన పెండింగ్ చలాన్లు కదిలాయి. పైగా అక్కడ చికిత్సా కేంద్రాలకి డబ్బు అందడం ఆలస్యమైంది, అదే సమయంలో ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు వచ్చి పడింది. 2024లో దాన్ని మళ్లీ నేరంగా మార్చేశారు. నన్నడిగితే, చలాన్ చేతిలో పెట్టి ఆసుపత్రి తలుపు తెరవకపోతే అది ఉత్త కాగితం.

మన చట్టం 1985 నాటి ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం. గంజాయి తాగినందుకే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. కొకైన్, హెరాయిన్ అయితే ఏడాది, ఇరవై వేలు. అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది: వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకి వెళ్లి పూర్తి చేస్తే, వాడకం కేసు నుంచీ, కొద్ది మోతాదు కేసు నుంచీ రక్షణ దొరుకుతుంది. అంటే పోర్చుగల్ తలుపు మన ఇంట్లోనే ఉంది, గొళ్లెం ఎవరూ తీయడం లేదు. పిల్లాడు ధూల్‌పేటలో కొని దొరికాడని తెలిస్తే, మనం ముందు వెతికేది డాక్టర్ నంబరా, లాయర్ నంబరా?

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తా. మరి వైన్ షాపు దారి ఎందుకు వద్దంటాను? ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో గంజాయికి ఆ దారి వేశాయి, సరే. మనకి లైసెన్సున్న కల్లు దుకాణాల్లోనే అల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపిన కల్లు పట్టుబడుతోంది. కల్లునే చూసుకోలేనివాళ్లం గంజాయిని ఏం చూసుకుంటాం? అలాగని నిషేధం అన్నీ సరిచేస్తుందనీ అనను. 1995లో మన ఉమ్మడి రాష్ట్రంలో మద్యం మొత్తం ఆపారు, 1997కల్లా ఎత్తేశారు. ఆ రెండేళ్లూ సరిహద్దు దాటి ఎంత సరుకు వచ్చిందో మీ నాన్నగారిని అడగండి.

హోలీకి తాగే భంగు సంగతేంటని అడుగుతున్నారు కదా. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఆకులు (భంగు చేసేది వాటితోనే), గింజలు ఆ లెక్కలోకి రావు. మిగతాది తర్వాతి వీడియోలో. ఈలోపు మీ బండి చలాన్లు చూసుకోండి, నావి మూడున్నాయి.