ఒక్క కొరడా కోసం 1,340 డీమన్లు

అందరికీ నమస్కారం. మొన్న రాత్రి ఒంటిగంటన్నరకి నాకు అబిసల్ విప్ అనే కొరడా దక్కింది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లకి ఈ ఒక్క మాట చాలు. మిగతావాళ్లకి మొదట్నుంచీ చెప్తాను. ఈ గేమ్ మీద నాకున్న ఇష్టం, కోపం రెండూ ఆ కొరడా చుట్టూనే తిరుగుతాయి.

రూన్‌స్కేప్ 2001 జనవరిలో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఏళ్లు గడిచేకొద్దీ రూపు మారిపోయింది. మాకు పాత గేమే కావాలని ఆడేవాళ్లు గట్టిగా అడిగారు. 2013 ఫిబ్రవరిలో ఓటింగ్ పెడితే నాలుగున్నర లక్షల దాకా ఓట్లు పడ్డాయి. 2007 ఆగస్టు నాటి బ్యాకప్‌ని బయటికి తీసి, దాన్నే మళ్లీ సర్వర్ల మీద నడిపారు. అదే ఓల్డ్ స్కూల్.

ఓటుతో పుట్టింది కాబట్టి ఓటుతోనే నడుస్తోంది. గేమ్‌లోకి కొత్తగా పెద్దది ఏదైనా రావాలంటే ఆడేవాళ్లని అడుగుతారు. మొదట్లో 75 శాతం ఒప్పుకోవాలనేవారు, 2022 నుంచి 70 శాతం. 2019లో వార్డింగ్ అనే కొత్త స్కిల్ తెస్తామంటే జనం వద్దన్నారు, అది ఆగిపోయింది. సెయిలింగ్ మాత్రం 2023లో ఓటు గెలిచి, 2025 నవంబర్‌లో వచ్చింది. మనం ఏళ్ల తరబడి ఆడిన ఆటని మనకి చెప్పకుండా తలకిందులు చేయరనే భరోసా ఎంత పెద్దదో, వేరే గేముల్లో దెబ్బతిన్నవాళ్లకి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. ఏ స్కిల్‌లోనైనా లెవెల్ 2కి 83 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) చాలు. లెవెల్ 99కి కావాల్సింది 1,30,34,431. ఇందులో కొత్తవాళ్లకి నమ్మబుద్ధి కాని సంగతి ఒకటుంది. లెవెల్ 92కి చేరితే అప్పటికి సగం దారే అయినట్టు. అవును, 92 దాకా ఒక సగం, ఆ ఏడు లెవెల్సే ఇంకో సగం!

అయినా నాకు ఆ నెమ్మదే నచ్చింది. చెట్టు నరుకుతూ, చేపలు పడుతూ పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకోవచ్చు. ఒకే చెట్టు చుట్టూ నలుగురు చేరితే అందరికీ కలిసొచ్చేలా పెట్టారు కూడా. 2018 అక్టోబర్ నుంచి అదే అకౌంట్ ఫోన్లోనూ ఆడొచ్చు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో కూర్చుంటే నాకు ఒక ఇన్వెంటరీ (గేమ్‌లో మన సంచి) తర్వాత ఒకటి చేపలు నిండుతూనే ఉంటాయి. గేమ్ మొత్తం 0.6 సెకన్లకొక అడుగు చొప్పున, అంటే టిక్ మీద నడుస్తుంది కాబట్టి, దూరపు సర్వర్ అయినా మామూలు పనులకి పింగ్ (సర్వర్ దాకా వెళ్లొచ్చే ఆలస్యం) పెద్దగా అడ్డం రాదు.

క్వెస్టుల గురించి, అంటే గేమ్‌లో కథతో నడిచే పనుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 'పది ఎలుకల్ని చంపి రా' అనే రకం కాదు ఇవి. వన్ స్మాల్ ఫేవర్ అని ఒకటుంది. ఒకాయన చిన్న సాయం చేసిపెట్టమంటాడు. అది చేయబోతే అవతలి మనిషి ఇంకో సాయం అడుగుతాడు, ఆయన పని కోసం వెళ్తే అక్కడ మరొకరు. అలా మ్యాప్ సగం తిరిగొస్తాం. దాన్ని తిట్టుకోనివాళ్లని నేను చూళ్లేదు, మర్చిపోయినవాళ్లనీ చూళ్లేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది బాట్లు. మనం మూడు నెలలు కూర్చుని సంపాదించేదాన్ని ఒక ప్రోగ్రామ్ నిద్రాహారాలు లేకుండా తవ్వుకుంటూ పోతుంది. ఆ గోల్డ్‌ని బయట అసలు డబ్బుకి అమ్ముతారు. రూల్స్ ప్రకారం తప్పే, అకౌంట్లు బ్యాన్ అవుతూనే ఉంటాయి, మళ్లీ కొత్తవి పుడుతూనే ఉంటాయి. ఒకరోజు నేను చేపలమ్మిన డబ్బు లెక్కేసుకుంటుంటే, పక్కనున్న అతను తన గోల్డ్ మొత్తం కొన్నదేనని మామూలుగా చెప్పేశాడు. ఆ రోజంతా నాకు ఆట మీద మనసు పోలేదు. నా శ్రమకి విలువ ఉందనే కదా నేనిక్కడ కూర్చున్నది?

అందుకే ఐరన్‌మ్యాన్ అకౌంట్ మొదలుపెట్టాను. ఈ పద్ధతిలో ఎవరితోనూ ట్రేడ్ ఉండదు, గ్రాండ్ ఎక్స్చేంజ్‌ అనే గేమ్‌లోని సంతలో కొనడం ఉండదు. ఒంటి మీదున్న ప్రతి వస్తువూ మనం సంపాదించిందే. బాట్ల గొడవ నాకిక అంటదు. కానీ దానికి బదులుగా అదృష్టం చేతిలో పడ్డాను.

విప్ ఇచ్చే రాక్షసి అబిసల్ డీమన్. దాన్ని కొట్టాలంటే స్లేయర్ (రాక్షసుల్ని వేటాడే స్కిల్) లెవెల్ 85 ఉండాలి, అంటే 32 లక్షల ఎక్స్‌పీ పైనే. కొట్టాక విప్ పడే అవకాశం 512లో 1. 'సరే, 512 కొడితే వస్తుంది' అనుకుంటాం. లెక్క అలా ఉండదు. 512 కొట్టాక కూడా వందలో దాదాపు 37 మందికి ఖాళీ చేతులే. ఒక్కో డీమన్‌కీ పాచిక కొత్తగా పడుతుంది, వెనకటి వెయ్యి దానికి గుర్తుండవు. మామూలు అకౌంట్ అయితే కొనుక్కుని పోవచ్చు. ఐరన్‌మ్యాన్‌కి ఆ దారి లేదు.

నాకు 1,340 పట్టాయి. అంత దూరం ఖాళీగా వచ్చేవాళ్లు వందలో ఏడుగురే. వెయ్యి దాటాక రెండు వారాలు లాగిన్ కూడా అవ్వలేదు. ఎంత కొట్టినా దక్కనివాళ్ల కోసం గేమ్‌లో ఏదో ఒక హద్దు ఉండాలని నా గట్టి అభిప్రాయం. మూడు రెట్లు దాటితే అవకాశం పెంచండి, అంతే చాలు. ఓపికకి పరీక్ష పెట్టొచ్చు, కానీ ఓపిక పట్టినవాడికీ పట్టనివాడికీ ఒకటే లెక్క అంటే ఎలా?

మొన్న రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయారు. స్లేయర్ టవర్ పై అంతస్తులో డీమన్ పడింది, కింద విప్ కనిపించింది. లేచి నిలబడ్డాను. ఎవరికి చెప్పాలి? మా గుంపు మాట్లాడుకునే క్లాన్ చాట్‌లో టైప్ చేశాను. ఆ టైములో పదకొండు మంది మెలకువగా ఉన్నారు. వాళ్లెవరూ నాకు ఒక్క చేప కూడా ఇవ్వలేరు, నేనూ వాళ్లకి ఇవ్వలేను. అందరూ 'జీజెడ్, జీజెడ్' (అభినందనలు) అని కొట్టారు. అందులో ఒకతను, తనది 1,900 దాటినా ఇంకా పడలేదని చెప్పి, నన్ను అభినందించి, మళ్లీ డీమన్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఈ శనివారం అతను లాగిన్ అయినప్పుడు పక్కన నిలబడి కబుర్లు చెప్తానని మాటిచ్చాను.