కైలాసగిరి మెట్ల దారి: సన్‌రైజ్‌కే వెళ్లమని మీకెవరు చెప్పారండీ?

హాయ్ అండి, అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో నా కాళ్లకి కనిపిస్తున్న ట్రెకింగ్ షూస్ ఒక కంపెనీ వాళ్లు ఊరికే పంపారు. ఏదైనా కొండ మీద వేసుకుని చూపించండి అన్నారు. బాగుంటే బాగుందంటాను, లేకపోతే లేదంటాను అన్నా, సరే అన్నారు. పాపం నేను అరకు వైపో, లంబసింగి వైపో వెళ్తాననుకున్నట్టున్నారు. నేనేమో మన వైజాగ్ కైలాసగిరికి తీసుకొచ్చా. నవ్వకండి గురూ! రోప్‌వేలోనో కారులోనో వెళ్లే కైలాసగిరి వేరు, బీచ్ రోడ్డు నుంచి మెట్లెక్కి వెళ్లే కైలాసగిరి వేరు.

కొండ ఎత్తు 173 మీటర్లు, పైన శివపార్వతుల విగ్రహాలు, టాయ్ ట్రైన్, ఈమధ్య కట్టిన గాజు వంతెన, టికెట్ల రేట్లు, ఇవన్నీ మీరు ఈపాటికే వేరే వీడియోల్లో చూసేసి ఉంటారు, మళ్లీ చదివి మీ టైం తినను. ఒక్క మాట మాత్రం చెప్తా. 173 అంటే వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ అరకు దగ్గర ఏ కొండెక్కినా ముప్పాతిక వంతు ఎత్తు కారే ఎక్కేసి పెడుతుంది, మనం పైన మిగిలిన ముక్క ఎక్కి ఫొటో పెడతాం. ఇక్కడ ఆ సాయం లేదు. సముద్రం పక్క నుంచి మొదలుపెట్టి మొత్తం మీ మోకాళ్లే మొయ్యాలి, అదీ మెలికలు తక్కువ, నిలువు ఎక్కువ. మొదటి పది నిమిషాలు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కినవాళ్లు ఆ తర్వాత ఎందుకో సడన్‌గా ప్రకృతిని ఆస్వాదించడం మొదలుపెడతారు, గమనించండి.

సరే, ఇక నా గొడవకి వస్తా. ఈ వీడియో తీసిందే దీనికోసం.

ఎవరినడిగినా సన్‌రైజ్‌కి వెళ్లు అంటారు. తూర్పు తీరం, ఎదురుగా సముద్రం, సూర్యుడు నీళ్లలోంచి వస్తాడు, నిజమే, కాదనను. కానీ ఎక్కేటప్పుడు ఏమవుతుందో ఎవరూ చెప్పరు. పక్కనే సముద్రం ఉంది కదా, గాలి పిచ్చెక్కించేస్తుంది అనుకుని బయల్దేరతారు. తీరా మెట్ల మీదకొస్తే ఆకు కదలదు. ఎందుకంటే రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది, తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపుకి వెళ్తుంది. మెట్లున్నదేమో కొండకి సముద్రం వైపు. అంటే ఆ కాస్త గాలికీ మీకూ మధ్యలో కొండే అడ్డం! దానికి తోడు గాల్లో తేమ శాతం కూడా తెల్లవారుజామునే ఎక్కువ, చెమట ఆరదు, చొక్కా పిండితే చెంబు నీళ్లొస్తాయి. ఇంతలో సూర్యుడొచ్చాడా, నేరుగా ముఖం మీదే, నెత్తిన నీడ కూడా అంతంత మాత్రమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఈ కొండని గుండు గీసినట్టు చేసేసింది. అప్పుడు చూసినవాళ్లకి ఇప్పుడున్న పచ్చదనమే గొప్పగా అనిపిస్తుంది, కానీ మెట్ల మీద గొడుగు పట్టేంత చెట్లు ఇంకా అన్నిచోట్లా లేవు.

అదే కొండ సాయంత్రం మూడున్నర, నాలుగింటికి వెళ్లండి. సూర్యుడు కొండ వెనక్కి దిగిపోతుంటాడు కాబట్టి మెట్ల వైపు మెల్లగా నీడ పడుతుంటుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి గాలి సముద్రం మీంచి లోపలికి రావడం మొదలై ఉంటుంది, చాలా రోజుల్లో అది తిన్నగా మీ మీదకే తగులుతుంది, మెట్టెక్కిన కొద్దీ పెరుగుతుంది. ఫొటోలు తీసేవాళ్లకి ఇంకా లాభం. పొద్దున్న కెమెరాకి ఎదురు ఎండ, మనుషులంతా నల్లటి బొమ్మల్లా పడతారు. సాయంత్రం వెలుగు మన వెనక నుంచి వెళ్లి నీళ్ల మీద పడుతుంది, సముద్రం అసలు రంగు అప్పుడు తెలుస్తుంది. కాసేపు నిలబడితే కొండ నీడ బీచ్ రోడ్డు దాటి, ఇసుక దాటి, అలల మీదకి పాకడం కనిపిస్తుంది. ఇది సన్‌రైజ్ బ్యాచ్‌కి దొరకదు కదా! షరతు ఒకటే, చీకటి పడకముందే దిగిపోవాలి. లేదంటే పైనుంచి రోప్‌వేలో దిగండి, తప్పేం లేదు.

ఇంకో విషయం. అసలైన వ్యూ పాయింట్ పైన రెయిలింగ్ దగ్గర లేదు. నా లెక్కలో అది పైకి చేరడానికి కాస్త ముందు, మెట్లు తిరిగే చోట, చెట్లు పక్కకి తప్పుకునే దగ్గర ఉంది. ఎడమ పక్క రుషికొండ, కుడి పక్క ఆర్కే బీచ్ ఒంపు తిరిగి వెళ్లి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఆగడం, దూరంగా హార్బర్‌లోకి పిలుపు కోసం లంగరేసి నిలబడ్డ ఓడలు, కింద జోడుగుళ్లపాలెం పడవలు. తెన్నేటి పార్కు కూడా ఇక్కడే కింద. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఒడ్డున ఇరుక్కుపోయింది గుర్తుందా, ఎం.వి. మా, అది అక్కడే. పై నుంచి కూడా ఇవన్నీ కనిపిస్తాయి, కాకపోతే మీ ముందు నలుగురు సెల్ఫీ వాళ్లుంటారు.

పైకి చేరగానే నాకు చిరాకెత్తేది అదే. ఇక్కడ మనం నాలుక బయటపెట్టి, మోకాళ్లు పట్టుకుని చివరి మెట్టెక్కుతాం, ఎదురుగా ఇస్త్రీ బట్టల్లో ఒక ఫ్యామిలీ ఏసీ కారు దిగి "ఏంటండీ, అలా చెమటలు పట్టాయి, ఒంట్లో బాలేదా?" అని అడుగుతుంది. ఏం చెప్తాం! ప్లాస్టిక్ లేని కొండ అని ప్రకటించారు, బాగుంది, కానీ మెట్ల పక్క పొదల్లో చిప్స్ కవర్లు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. మెట్ల మీద తిని పారేసింది కారువాళ్లు కాదు కదా, మన బ్యాచే.

ఆ, షూస్. గ్రిప్ బాగుంది, ఒప్పుకుంటా. ఈ కొండది ఖోండలైట్ రాయి, వానకి ఎండకి నాని పొడి పొడిగా రాలుతుంది, అందుకే దిగేటప్పుడు మెట్టు అంచున కాలి కింద రవ్వలు దొర్లుతుంటాయి. ఇంటికొచ్చి షూ తిరగేసి చూడండి, అడుగున గాడుల్లో ముదురు ఎరుపు గింజలు ఇరుక్కుని ఉంటాయి, దానిమ్మ గింజలకి పొట్టి తమ్ముళ్లలా. అవి గార్నెట్లు, ఈ రాయిలోనే ఉంటాయి. భీమిలి వైపు ఇసుకలో ఎర్రగా చారలు కనిపించేది కూడా ఈ జాతివే. పిన్నీసుతో తీసి మా చెల్లి కూతురికి ఇస్తే అగ్గిపెట్టెలో దాచుకుంది.

కానీ లేసులు! నున్నటి గుండ్రటి నైలాన్ లేసులు ఎవరు కనిపెట్టారండీ? రెండు ముళ్లేసినా జారిపోతాయి. ఎక్కేటప్పుడు పర్వాలేదు, దిగేటప్పుడు లేసు వదులైందంటే మడమ పైకి లేచి వేళ్లు ముందుకి గుద్దుకుంటాయి, నిలువు మెట్లు కదా, ప్రతి మెట్టుకీ ఒక గుద్దు. నా పాత కాన్వాస్ బూట్లు, అడుగు అరిగి నున్నగా అయిపోయినవి, వాటితో సింహాచలం మాధవధార వైపు నుంచి ఎన్నిసార్లు ఎక్కి దిగానో, వేళ్లకి ఏమీ కాలేదు. అక్కడ నీడ కూడా ఉంటుంది లెండి, ఆ దారి లెక్క వేరు. చివరికి పూర్ణా మార్కెట్‌లో చదునుగా ఉండే నూలు లేసులు కొని ఎక్కించా, రోగం కుదిరింది. వేల రూపాయల షూకి చిల్లర డబ్బుల లేసు వైద్యం చేసింది. ఆషాఢ పౌర్ణమికి ఇదే కొండ కింద నుంచి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచేసే మామ్మలున్న ఊళ్లో ఉంటూ నేను లేసుల గురించి ఇంతసేపు మాట్లాడుతున్నా, నాకూ తెలుసు.

మరి వెళ్లాలా వద్దా అంటే, మెట్ల దారికి నా ఓటు ఖాయం, సాయంత్రం వెళ్తేనే. పొద్దున్న వెళ్తే పదికి నాలుగు, దానికీ బలవంతం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైకి మెట్లెక్కండి, కిందకి మాత్రం వద్దు. నీళ్లు స్టీలు సీసాలో తీసుకెళ్లండి. షూస్ కొంటే మీ సైజు కంటే ఒక నంబర్ పెద్దది తీసుకోండి, లేసులు ఆ రోజే మార్చేయండి, లింకు కింద ఉంది. దిగాక ఆకలేస్తే బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ (అదే, మరమరాల మిక్చర్) బండ్లు ఆ టైంకి వచ్చేసి ఉంటాయి, ఉల్లిపాయ ఎక్కువెయ్యమని అడగండి.